గునుగుపూల బొకే

పెళ్ళి మా ప్రొద్దుటూరులో జరిగింది. అది అమ్మానాన్నల పెళ్ళి, వాళ్ళ బంధువులు, వాళ్ళ పద్ధతులు. తర్వాత మాదాపూర్‌లో పెట్టుకున్న రిసెప్షన్ మాత్రం మా ఇద్దరిదీ. నేనూ మా ఆయనా ఒకే ఆఫీసు కాబట్టి వచ్చినవాళ్ళలో సగానికి పైగా ఆఫీసువాళ్ళే. ఆ సాయంత్రం వేదిక మీద నిలబడి నవ్వీ నవ్వీ దవడలు నొప్పి పుట్టాయి నాకు.

వచ్చిన ప్రతి టీమూ ఒక బొకే పట్టుకొచ్చింది. మెరిసే కాగితం చుట్టి, రిబ్బన్ కట్టి, లోపల జెర్బెరాలో గులాబీలో. అన్నీ ఒకే దుకాణంలో కొన్నట్టున్నాయి, నిజంగానే కొన్నారేమో కూడా. అందుకోవడం, ఫొటోకి నవ్వడం, వెనక్కి అందించడం. వెనకనున్నవాళ్ళు వాటిని తీసుకెళ్ళి సోఫా పక్కన పడేస్తున్నారు. కాసేపటికి అక్కడ కుర్చీ ఎత్తున ఒక పూలకుప్ప తయారైంది.

అప్పుడు వచ్చింది అక్క. మా ఆఫీసు అంతస్తులో హౌస్‌కీపింగ్ చేసే మనిషి. మహబూబ్‌నగర్ వైపు పల్లె నుంచి భర్తతో వచ్చి బోరబండలో ఇల్లు కిరాయికి తీసుకుని ఉంటోంది. వయసులో మా అమ్మకి కొంచెం చిన్నదైనా ఆఫీసులో అందరికీ అక్కే. ఆ రోజు ముదురాకుపచ్చ పట్టుచీర కట్టుకుని, చంకలో గుడ్డసంచితో మెట్లెక్కింది. సంచిలోంచి తీసి నా చేతిలో పెట్టింది చూస్తే, అది కూడా బొకేయే. గునుగుపూలు, వాటి మధ్య బంతులు, చామంతులు, అంచుల్లో తంగేడు. కాడలన్నీ కలిపి ఎర్ర ఊలుదారంతో గట్టిగా చుట్టింది.

"ఏమనుకోకు బిడ్డా, దుకాణంల కొనబుద్ధి గాలె. మా చెల్లె ఊరికెల్లి గునుగు తెచ్చింది. నేనే కట్టిన" అంది. తర్వాత సోఫా పక్కనున్న కుప్ప వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించి, "గిది జర ఆడ పడెయ్యకు" అంది.

నేను పడెయ్యలేదు. ఆ తర్వాత తీసిన ప్రతి ఫొటోలోనూ అది నా చేతిలోనే ఉంది. ఫొటోగ్రాఫర్ రెండు మూడుసార్లు ఓపికపట్టి, చివరికి, "మేడమ్, ఆ గడ్డి జర పక్కకు పెడతారా? ఫ్రేమ్ పాడైతుంది" అన్నాడు.

"గడ్డి కాదన్నా, బతుకమ్మ పూలు" అన్నాను.

అతను కెమెరా దించి దగ్గరికొచ్చి చూశాడు. "అరే, గునుగు! మా అమ్మమ్మ ఊళ్ళ మస్తుగ ఉంటది. పట్టుకోండి మేడమ్, మంచిగ పట్టుకోండి. కొంచెం పైకి" అన్నాడు.

అక్క బతుకమ్మ పూలే ఎందుకు తెచ్చిందో నాకు తెలుసు. నేను ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది ఆఫీసు లాబీలో బతుకమ్మ ఆడారు. మా కడప జిల్లాలో ఆ పండుగ లేదు, టీవీలో చూడటమే. అందరూ గుండ్రంగా తిరుగుతుంటే స్తంభం పక్కన నిలబడి చూస్తున్నాను. అప్పటికి హాస్టల్లో ఉండేదాన్ని, ఊరి మీద బెంగ. అక్క వచ్చి చెయ్యి పట్టుకుని లాగింది. "రా బిడ్డా, వంగుడు, చప్పట్లు కొట్టుడు. ఇగ ఇంకేం లేదు" అంది. అంతేనని దిగితే, నేను కొట్టిన చప్పట్లు ఒక్కటీ జనంతో కలవలేదు. ముందున్నావిడను ఢీకొట్టాను కూడా. అక్క నవ్వలేక కడుపు పట్టుకుని కూర్చుండిపోయింది. అప్పట్నుంచి ప్రతి ఏడూ ఆ పండుగకి మేమిద్దరం పక్కపక్కనే ఆడుతున్నాం. నా చప్పట్లు కాస్త బాగుపడ్డాయి.

రిసెప్షన్ మర్నాటికి ఇంట్లో బొకేలన్నీ వాడిపోయాయి. మా ఆయన వాటిని చెత్తకవర్లలోకి కుక్కుతూ అక్క బొకే దగ్గరికి వచ్చి ఆగాడు. బంతులు తల వాల్చాయి. తంగేడు రేకులు బల్ల మీద రాలాయి. గునుగు మాత్రం ఏమీ ఎరగనట్టు, అదే గులాబీరంగులో, నిటారుగా ఉంది.

"ఇది పారేసేది లేదు" అన్నాను.

"పారేద్దామని నేనన్నానా? ఎండబెడదాం" అన్నాడు. ఆయనది కాకినాడ. "మా ఇంట్లో చేపలు ఎండబెట్టలేదా ఏంటి, పూలెంత."

ఎండబెట్టి వదిలేస్తే పొడి పొడి అయిపోతుందని నాకు అనుమానం. ఫోన్లో వెతికితే ఇప్పుడు పెళ్ళిదండల్ని, బొకేల్ని అద్దంలాంటి రెజిన్‌లో పోతపోసి ఇచ్చేవాళ్ళు కనిపించారు. కొండాపూర్‌లో ఒకావిడ తన ఫ్లాట్‌లోనే చేస్తుందట. ఫోన్ చేశాను.

"పెళ్ళిళ్ళ సీజనండి, నెల దాకా నాకు ఊపిరాడదు. ఈలోగా మీ పూలు బూజు పట్టేస్తాయండి" అందావిడ. నా గొంతులో నిరాశ వినిపించిందేమో, "పోనీ మీరే చేసుకోండి. బ్రహ్మవిద్యేం కాదు. పూలలో చుక్క తడి ఉండకూడదు, అదొక్కటే. తడి ఉంటే లోపలే నల్లబడిపోతాయండి. ఏమీ దొరక్కపోతే బియ్యంలో పూడ్చిపెట్టండి, చెమ్మ లాగేస్తుంది" అని ఓపిగ్గా చెప్పింది.

బియ్యం డబ్బా అప్పుడే కొత్తగా నింపాం. గునుగు, బంతి, చామంతి, మిగిలిన తంగేడు, ఒక్కోదాన్నీ విడదీసి బియ్యంలో పూడ్చిపెట్టి మూత పెట్టాను.

రెజిన్ కోసం జీడిమెట్ల వెళ్ళాం. మా ఆయన స్నేహితుడొకడు అక్కడి ఫ్యాక్టరీలో పనిచేస్తాడు, ఫ్యాక్టరీల నేల మీద పోసే రెజిన్ అమ్మే దుకాణం గుర్తులు అతనే చెప్పాడు. ప్లాస్టిక్ డ్రమ్ముల మధ్య బల్ల వేసుకుని కూర్చున్న దుకాణదారు మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు.

"ఎన్ని గజాల ఫ్లోరింగ్ సార్?"

"ఫ్లోరింగ్ కాదండి, పూలకి" అన్నాడు మా ఆయన.

"పువ్వుల డిజైన్ ఫ్లోరా? అది కూడ ఉంది."

"కాదండి. ఒక బొకే ఉంది. దాని మీద పోయాలి."

ఆయన మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. నేను ఫోన్లో బొకే ఫొటో తెరిచి చూపించాను. చూసి, లోపలికి తిరిగి, "అరే భాయ్, వీళ్ళు బొకేకు ఫ్లోరింగ్ చేయిస్తరట!" అని కేకేశాడు. లోపల్నుంచి నవ్వులు. మేమూ నవ్వేశాం. నవ్వు అయ్యాక ఆయనే వెతికి రెండు చిన్న డబ్బాలు తెచ్చిచ్చాడు. "గిది టేబుళ్ళ మీద పోసేది. నీళ్ళ లెక్క క్లియర్ ఉంటది. రెండూ కలిపినంక గట్టిపడుతది. కిటికీలు తెరిచి చేయండి, ఫికర్ లేదు. మంచిగ వస్తే నాకు ఫొటో పంపండి సార్" అన్నాడు.

నేను టెస్టర్‌ని, ఆయన డెవలపర్. అందుకని ముందు పనికిరాని పూల మీద పరీక్ష చేసి, ఆ తర్వాతే అక్క పూల జోలికి వెళ్ళాలని తీర్మానించుకున్నాం. చెత్తకవర్లోంచి ఒక జెర్బెరా తీశాం. దాన్ని ఎండబెట్టే ఓపిక లేక అలాగే, పెళ్ళికి వచ్చిన స్టీలు పళ్ళెంలో పెట్టి రెజిన్ పోశాం. తెల్లారేసరికి పువ్వు గోధుమరంగుకి తిరిగి, చుట్టూ బుడగలు లేచి, అచ్చం పెనం మీద మాడిన ఆమ్లెట్‌లా ఉంది. పళ్ళేన్ని వదల్లేదు. తట్టాం, వేడినీళ్ళలో పెట్టాం, అట్లకాడతో పొడిచాం. పళ్ళెమూ పువ్వూ ఒకటైపోయాయి.

"నా టెస్ట్ ఫెయిల్" అన్నాను.

"నా కోడ్ బానే ఉంది, నీ పువ్వులోనే తేడా" అన్నాడాయన.

ఇలా ఉండగా కొత్తకాపురం చూడటానికి అమ్మ వచ్చింది. ఆమె రైలు దిగిన రోజు ఇద్దరికీ ఆఫీసు తప్పలేదు. ఇంటికి తీసుకొచ్చి దింపి, తాళంచెవులు చేతిలో పెట్టి పరుగెత్తాం. బియ్యం డబ్బా సంగతి చెప్పాలన్న ధ్యాసే లేదు. మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"ఏమే," అమ్మ గొంతు కోపంగానూ లేదు, మామూలుగానూ లేదు. "ఈ ఊర్లో బియ్యంలో పురుగులుంటాయనుకుంటి. పూలుండాయే!"

"అమ్మా, వాటిని తియ్యొద్దు! అక్కడే ఉండనీ!"

"ఉండనీ అంటే? బువ్వ యాడ్నుంచి వండాల? చేటలో పోస్తే బంతిపువ్వు వచ్చె. చెయ్యి పెడితే ఇంగోటి వచ్చె. ఎవురన్నా చేతబడి చేసినారేమోనని గుండె ఝల్లుమనె నాకు."

సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆమె బల్ల మీద పేపరు పరిచి పూలన్నీ దాని మీద పేర్చి, ఎదురుగా చేతులు కట్టుకుని కూర్చునుంది. "వాడిపోయిన పూలు ఇంట్లో పెట్టుకుంటారా ఎవురన్నా? దేవునికి పెట్టేది కాదు, తల్లో పెట్టుకునేది కాదు. ఏంటికే ఇవి?"

"దాచుకోవడానికమ్మా."

"దాచుకోనీకి ఇంగేం దొరకలేదా?"

నేను ఆమె పక్కన కూర్చుని అక్క సంగతి చెప్పాను. లాబీలో చెయ్యి పట్టుకుని లాగడం, తప్పు చప్పట్లు, రిసెప్షన్‌కి గుడ్డసంచితో రావడం. కూతురు ఈ ఊళ్ళో హాస్టల్లో ఎట్లా ఉందోనని ఇంట్లో దిగులు పడుతుండిన ఆ రోజుల్లో ఇక్కడ ఒకావిడ నన్ను చూసుకుందని అమ్మకి అప్పటిదాకా తెలియదు. అంతా విని ఒక గునుగు కాడని చేతిలోకి తీసుకుని, "ఆయమ్మ చేత్తో కట్టిందా ఇది?" అంది. "బియ్యప్పిండి అంటుకొని ఉండాది సూడు. మెత్తటి కుంచె ఏదన్నా ఉంటే తే, దులుపుతా."

నేను తెచ్చేలోపే ఆమె స్నానాలగదిలోంచి ఒక కుంచె పట్టుకొచ్చి పని మొదలుపెట్టింది. అది మా ఆయన గడ్డం గీసుకునే బ్రష్షు. మర్నాడు పొద్దున ఆయన నురగ నిండా నల్లటి గునుగు విత్తనాలతో బయటికొచ్చి, "అత్తయ్యగారూ, నా మొహం మీద ఏం పండిస్తున్నారండీ?" అన్నాడు. అమ్మ సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రాలిన విత్తనాలన్నీ ఏరి కాగితంలో పొట్లం కట్టి, ప్రొద్దుటూరు తీసుకుపోవడానికి సంచిలో వేసుకుంది.

అసలు పోత పోసింది అమ్మ ఉండగానే. చెక్కతో నలుచదరపు అచ్చు మా ఆయన చేయించాడు. అక్క కట్టిన తీరులోనే పూలు పేర్చి, అదే ఎర్ర ఊలుదారం చుట్టి, పైన కొంచెం కొంచెంగా పోశాం. అమ్మ ఊపిరి బిగబట్టి చూసింది. అంతా బాగానే జరిగింది, కాని ఆ రాత్రే ముసురు పట్టింది. తుపాను అన్నారు. రెండు రోజులైనా రెజిన్ గట్టిపడదే! వేలు పెడితే అంటుకుంటోంది. మా ఆయన హెయిర్ డ్రయ్యర్ పట్టాడు, టేబుల్ లైటు వంచి పెట్టాడు. అమ్మ వేలితో తాకి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సాగదీసి చూసి, "తీగపాకం గూడా రాలేదే. ఇంగా లేతపాకమే ఇది" అని తేల్చింది. అప్పట్నుంచి ఆమెకి అది అరిసెల పొయ్యి అయిపోయింది. గంటకోసారి వచ్చి తాకడం, "ఇప్పుడు ముదురుతాండాది" అనడం.

ముసురు విడిచి ఎండ వచ్చిన రోజు ముదిరింది. అచ్చు విప్పేటప్పుడు ముగ్గురం బల్ల చుట్టూ చేరాం. చెక్క ఊడొచ్చింది. గునుగు ఉన్నది ఉన్నట్టుగా ఉంది, చివర్లు కాస్త వెండిరంగుకి తిరిగాయంతే. బంతులు ముద్దపసుపు పోగొట్టుకుని పాత ఇత్తడి రంగుకొచ్చాయి. తంగేడు రేకులు ఎంత పలచబడ్డాయంటే, వాటి ఈనెలు లెక్కపెట్టొచ్చు. ఒక మూలన ఒక చీమ ఇరుక్కుని ఉంది. అది ఎప్పుడు వచ్చిందో ఎవరికీ తెలియదు. ఒక బుడగ కూడా ఉంది. టెస్టర్‌గా రెండూ తప్పులే. చూసీ చూడనట్టు పాస్ చేసేశాను.

మరుసటి ఆదివారం అక్కని ఇంటికి భోజనానికి పిలిచాం. కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఆ అమ్మాయి అమీర్‌పేటలో ఒక మందుల దుకాణంలో బిల్లులు వేస్తుంది. మాటకి ముందు నవ్వు. అమ్మ వాళ్ళ కోసం సంగటి, అందులోకి ఊరిమిండి పచ్చడి చేసింది. అంతకుముందెప్పుడూ చూసుకోని ఆ ఇద్దరూ వంటింట్లో నిలబడి, ఒకరి మాట ఒకరికి సగం అర్థమై సగం కాక, గట్టిగట్టిగా మాట్లాడుకున్నారు.

భోజనాలయ్యాక తెచ్చి అక్క ముందు పెట్టాను. ఆమె వెనక్కి జరిగింది. "ఏంది బిడ్డా, గునుగును ఐసుల పెట్టినవా?" అని వేలితో తాకి, "సల్లగ లేదేంది!" అని నవ్వింది. తలకిందులు చేసి చూసింది. పక్కనుంచి చూసింది. ఊలుదారం ముడిని గోరుతో తాకబోయింది, గోరు గట్టిదనానికి తగిలి జారింది.

"మేము పేరుస్తం, ఆడుతం, చెరువుల సాగనంపుతం. పూలు పోవుడే. ఎన్నడు దాసుకోలే" అంది. తర్వాత దాన్ని ఒళ్ళో పెట్టుకుని అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది. టీ చల్లారిపోతోంది. కూతురు "ఏమైంది అమ్మా?" అని మోచేత్తో పొడిచింది.

"ఏం లేదే. నేను చేసిన పని ఏదీ గిన్ని దినాలు ఉండలే" అంది అక్క. "పొద్దుగాల ఫ్లోరు అద్దం లెక్క తుడుస్త. పది కొట్టేలోపల మల్ల అడుగులే. వండుత, తింటరు, అయిపోతది. గిదొక్కటి నిలవడ్డది." చీర చెంగుతో మొహం తుడుచుకుని వెంటనే నవ్వేసింది. "మంచిగున్నది బిడ్డా. గా చీమ గూడ మంచిగున్నది."

అమ్మ లేచి వెళ్ళి అక్క టీ మళ్ళీ వేడి చేసి తెచ్చిచ్చింది.

వెళ్ళేముందు గుమ్మం దగ్గర ఆ అమ్మాయి నన్ను పక్కకి లాగి, "అక్కా, వైశాఖంల నా పెండ్లి. నా దండ గూడ గిట్ల చేస్తరా?" అని అడిగింది. నేను తల ఊపేలోపే వెనకనుంచి మా ఆయన, "ఈసారి ఎండాకాలం కదా, పాకం తొందరగా వస్తుంది" అన్నాడు.

ఆ పెళ్ళికి మేం పెద్ద ఏర్పాట్లతోనే వెళ్ళాం. ఈసారి బియ్యం కాదు, చెమ్మ లాగే గింజలు కొన్నాం. థర్మోకోల్ పెట్టె, అందులో తడిగుడ్డ, కత్తెర. బోరబండలో ఫంక్షన్ హాలు. మగపెళ్ళివాళ్ళు బ్యాండుతో, గుర్రంతో వచ్చారు. పెళ్ళికొడుకు లిఫ్టులు బిగించే పని చేస్తాడు. సన్నగా, పొడుగ్గా, గుర్రం మీద భయం భయంగా కూర్చుని దిగాడు. పెళ్ళి పద్ధతిగా జరిగింది. దండలు ఎంత బాగున్నాయంటే, మా ఆయన అక్షింతలు వేస్తూ కూడా వాటినే చూస్తున్నాడు. ఎర్రగులాబీలు, మధ్య మధ్య మల్లెమొగ్గలు, కింద గుత్తి.

"ఊరేగింపు బండి ఎక్కగానే దండ తీసి ఇచ్చేస్త అక్కా" అని పెళ్ళికూతురు నాకు ముందే మాటిచ్చింది.

తంతులన్నీ అయి అందరూ బయటికొచ్చారు. పూలతో అలంకరించిన కారు సిద్ధంగా ఉంది. పొద్దున పెళ్ళికొడుకుని మోసిన గుర్రం గేటు పక్కన కట్టేసి ఉంది, దాని యజమాని లోపల భోజనానికి కూర్చున్నాడు. పెళ్ళికొడుక్కి దిగాక ధైర్యం వచ్చినట్టుంది. "గుర్రంతోని ఒక సెల్ఫీ దిగుదాం" అని భార్యని పక్కకి తీసుకెళ్ళాడు. ఫోన్ పైకెత్తాడు. ఇద్దరూ నవ్వారు.

గుర్రం మెడ చాచి పెళ్ళికూతురి దండ నోట కరుచుకుంది.

ఆ అమ్మాయి కెవ్వుమంది. పెళ్ళికొడుకు ఫోన్ వదిలేసి దండ ఇవతలి కొస పట్టుకుని లాగాడు. గుర్రం అవతలనుంచి లాగింది. ఎవరు గెలుస్తారో ఒక క్షణం తెలియలేదు. దారం ఫట్టున తెగి, గులాబీలు నేల మీద చెల్లాచెదురయ్యాయి. సగం దండ పెళ్ళికొడుకు చేతిలో, సగం గుర్రం నోట్లో. అది తాపీగా నమలడం మొదలుపెట్టింది.

బ్యాండు ఆగిపోయింది. పెళ్ళికొడుకు తరఫు పెద్దావిడ ఒకామె, "అయ్యో, పెండ్లి దండ తెగె! గిదేం శకునమే!" అని గుండె మీద చెయ్యి వేసుకుంది. నేను అక్క వైపు చూశాను. ఆమె మొహంలో రక్తం లేదు. కూతురి దగ్గరికి వెళ్ళబోయి ఆగి, నేల మీది గులాబీల వైపు చూసింది.

అప్పుడు పెళ్ళికూతురు నవ్వింది. మొదట చిన్నగా, ఆపుకోబోయి, తర్వాత ఆపుకోలేక, గుర్రం మెడ మీదే చెయ్యి ఆనించి మరీ నవ్వింది. "పాపం, దీనికి ఎవ్వలన్న అన్నం పెట్టిర్రా? అందరం పంక్తుల కూసున్నం, దాన్ని మరిచినం" అంది.

యజమాని ఎంగిలి చేత్తోనే పరుగెత్తుకొచ్చాడు. "మాఫ్ చెయ్యి అమ్మా, పొద్దటికెల్లి రెండు బరాత్‌లు చేసింది, ఆకలైంది దానికి" అని చేతులు జోడించబోయి, చేతికున్న అన్నం చూసుకుని ఆగాడు. పెళ్ళికొడుకు నానమ్మ, అప్పటిదాకా కుర్చీలోంచి లేవని ముసలావిడ, కర్ర ఊపి కేకేసింది. "శకునం లేదు, ఏం లేదు! మనింటి పెండ్లిల గుర్రం గూడ కడుపు నిండ తిన్నది. గంతకంటె ఏం గావాలె? కొట్టుండ్రి బ్యాండు!"

బ్యాండు కొట్టారు. పెళ్ళికొడుకు తన దండ తీసి భార్య మెడలో వెయ్యబోతే, ఆ అమ్మాయి దాన్నే సాగదీసి ఇద్దరి మెడల్లోనూ పడేలా వేసింది. ఇద్దరూ ఒకే దండలో, భుజానికి భుజం ఒత్తుకుని, అడుగులు కలవక తూలుతూ కారు దాకా నడిచారు. అక్క మొహంలోకి అప్పటికి రంగొచ్చింది. దారిపొడుగునా నవ్వుతూనే ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. నా భుజం పట్టుకుని, "నా బిడ్డ బతుకుతదే. గుర్రాన్ని సూసి గూడ నవ్వింది" అంది.

మా ఆయన మాత్రం ఎక్కడా కనిపించలేదు. వెతికితే, గుర్రం కాళ్ళ దగ్గర జాగ్రత్తగా వంగి గులాబీలు ఏరి థర్మోకోల్ పెట్టెలో వేసుకుంటున్నాడు. గుర్రం ఆ పెట్టె వైపు ఆశగా చూస్తోంది.

పెళ్ళికొడుకు దండ కూడా నిండుగా ఉన్నదున్నట్టు మాకే ఇచ్చారు. దాన్నే పోతపోద్దామని అనుకున్నాం. ఎందుకైనా మంచిదని ఆ అమ్మాయికి ఫోన్ చేసి అడిగాను.

"వద్దక్కా. ఆయనది మామూలు దండే గద" అంది. "గుర్రం ఇడిసిపెట్టింది చేయండి."

అదే చేశాం. ఎండలు మండిపోతున్నాయి కాబట్టి పూలు త్వరగానే ఎండాయి. గులాబీలు నల్లఎరుపుకి తిరిగాయి, మల్లెమొగ్గలు దంతపు రంగుకి. సగం దండ, చివర్న తెగిన దారం పీచులు పీచులుగా. ఆ కొసని కత్తిరించి నున్నగా చేద్దామా అని మా ఆయన అడిగితే వద్దన్నాను. ఒక గులాబీకి సగం రేకులే ఉన్నాయి, మిగతా సగం ఎవరు తిన్నారో చూస్తేనే తెలిసిపోతుంది. దాన్ని మధ్యలో పెట్టాం. చీమలు రాకుండా ఈసారి బల్లకాళ్ళ కింద నీళ్ళగిన్నెలు పెట్టాడాయన.

ఇవ్వడానికి వెళ్ళిన రోజు అక్క కూడా అక్కడికే వచ్చింది. కొత్తదంపతులు బోరబండలోనే, రైల్వే స్టేషన్‌కి దగ్గర్లో మూడో అంతస్తులో ఒక గది, వంటిల్లు తీసుకున్నారు. పెళ్ళికొడుకు గోడకి మేకు కొట్టి, దండ పోతపోసిన ఫ్రేము తగిలించి, దూరంగా నిలబడి చూసి, వంకరగా ఉందని తీసి మళ్ళీ కొట్టాడు. ఆ చప్పుడుకి పక్కింటామె, కింది వాటాలోని అత్తాకోడళ్ళు ఏమిటని వచ్చారు.

"సగమే ఉందేందమ్మా?" అని అడిగింది పక్కింటామె.

అంతే, పెళ్ళికూతురు చీర కుచ్చిళ్ళు సర్దుకుని గది మధ్యలోకి వచ్చింది. సెల్ఫీ నుంచి మొదలుపెట్టింది. గుర్రం ఎలా మెడ చాచిందో చేత్తో చూపించింది. భర్త ఎలా లాగాడో చూపించడానికి అతని చేతికి తువ్వాలు కొస ఇచ్చి రెండో కొస తను పట్టుకుంది. ఆమె చెప్పిన కథలో గుర్రం ముందరి కాళ్ళు రెండూ పైకి లేపింది, సకిలించింది, బ్యాండువాళ్ళు డప్పులు వదిలేసి పారిపోయారు. అక్క పక్కనుంచి "అవునే, అవునే" అంటోంది. పెళ్ళికొడుకు అడ్డుచెప్పబోయి మానుకున్నాడు.

నేనూ మా ఆయనా ఆ రోజు గుర్రానికి నాలుగడుగుల దూరంలోనే ఉన్నాం. అయినా ఇంకా ఏమైందోనని నోరు తెరుచుకుని విన్నాం.